ఉసిలంపట్టి నుంచి ముదినేపల్లి దాకా: తొంభైల రెహమాన్ పాటలు మళ్ళీ వింటుంటే

(ఒక ఆదివారం సాయంత్రం సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. మైక్ వినపడుతోందా వెనక వాళ్ళకి? సరే.

నన్ను రెహమాన్ గురించి మాట్లాడమన్నారు, తొంభైల్లో చేసిన మ్యూజిక్ గురించి. నేను మ్యూజీషియన్ని కాదండి, హైస్కూల్లో తెలుగు చెప్తాను, కాబట్టి స్వరాలు రాగాలు జోలికి ఎక్కువ పోను, నేను పాట ఎలా విన్నానో, అందులో మాట ఎలా కూర్చుందో అదే చెప్తాను. మాది గుడివాడ. 1992లో నేను ఇంటర్ ఫస్టియర్. అప్పట్లో క్యాసెట్ కొనాలంటే డబ్బులెక్కడివి, బస్టాండ్ దగ్గర ఓ ఆడియో షాపుండేది, అక్కడ లిస్ట్ రాసిచ్చి బ్లాంక్ క్యాసెట్ ఇస్తే, అరవై నిమిషాల సిక్స్టీకో తొంభై నిమిషాల నైంటీకో పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్ళు. షాపు ముందు రెండు పెద్ద స్పీకర్లు ఉండేవి, ఏ కొత్త పాటొచ్చినా రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ ఫ్రీగా అందేది.

ఒకరోజు కాలేజీ నుంచి వస్తుంటే ఆ స్పీకర్లలోంచి రోజా సినిమా పాట "చిన్ని చిన్ని ఆశ" వస్తోంది. నేను సైకిల్ దిగిపోయాను. ఎందుకు దిగానంటే చెప్పలేను ఇప్పటికీ, కానీ ఒక విషయం మాత్రం గట్టిగా గుర్తుంది, పాటలో ఖాళీ ఉంది. మనకి అప్పటిదాకా పాటంటే నిండుగా ఉండాలి కదా, పల్లవి అవ్వగానే వయొలిన్లు, అవి అవ్వగానే డోలక్, ఎక్కడా గ్యాప్ ఉండేది కాదు, ఇది అలా లేదు. అడుగున బేస్ ఓ రెండు అడుగులు వేసి ఆగుతుంది, మళ్ళీ రెండు అడుగులు వేస్తుంది, ఆ ఆగిన చోట అమ్మాయి గొంతు ఒక్కటే గాల్లో ఉంటుంది. షాపాయన కూడా మొదటిసారి వేసినప్పుడు డెక్ హెడ్ తుడిచి మళ్ళీ వేశాడట, టేప్ ఏమైనా తేడానా అని. రెండోసారి కూడా అలానే వచ్చింది, అప్పుడు వాల్యూం పెంచాడు.

ఆ గొంతు మిన్మిని గారిది. మలయాళీ అమ్మాయి, తమిళంలో పాడింది ఆవిడే, తెలుగులో పాడింది ఆవిడే, హిందీలో "దిల్ హై ఛోటా సా" కూడా ఆవిడే. మూడు భాషలూ ఆవిడకి పక్కింటి భాషలే, అయినా మీరు తెలుగు వెర్షన్ విని చూడండి, ఎక్కడా అరువు తెచ్చుకున్నట్టు ఉండదు.

కొద్దిగా వెనక్కి వెళ్దాం. రోజా తమిళంలో 1992 ఆగస్ట్ 15న వచ్చింది. కె. బాలచందర్ గారి సంస్థ తీసింది, మణిరత్నం డైరెక్టర్. మణిరత్నం సినిమాలకి అప్పటిదాకా ఇళయరాజా గారే కదా, దళపతి 1991, దాంతో ఆ జంట ఆగిపోయింది. కొత్త కుర్రాణ్ణి పెట్టుకున్నారు. ఆ కుర్రాడే రెహమాన్, అప్పటికి పాతికేళ్ళు. 1967 జనవరి 6న పుట్టాడు, అసలు పేరు దిలీప్ కుమార్, నాన్న ఆర్.కె. శేఖర్ మలయాళ సినిమాలకి మ్యూజిక్ చేసేవారు, పిల్లాడికి తొమ్మిదేళ్ళప్పుడు పోయారు. తర్వాత ఇల్లు గడిచింది ఆయన వాయిద్యాలు అద్దెకిచ్చుకుని. ఈ ఒక్క సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, ఆ ఇంట్లో కీబోర్డంటే ముందు అన్నం, ఆ తర్వాతే కళ.

ఇంకోటి, ఇది మన వాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సింది. ఈయన రోజాకి ముందు కొన్నేళ్ళు మన సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేశాడు. రమేష్ నాయుడు గారి దగ్గర వాయించాడు, ఇళయరాజా గారి దగ్గర వాయించాడు. అప్పుడు మన తెలుగు పాటల రికార్డింగ్ చాలావరకు మద్రాసులోనే కదండీ. అంటే మనం ఎనభైల చివర్లో రేడియోలో విన్న మాస్ పాటల్లో ఎక్కడో ఓ మూల ఈ కుర్రాడి వేళ్ళు ఉండే ఉంటాయి, మనకి తెలీకుండానే ఆయన్ని విన్నాం. మిగతా టైంలో యాడ్స్‌కి జింగిల్స్ చేసేవాడు. లియో కాఫీ యాడ్ తమిళనాడులో బాగా పాపులర్. జింగిల్ చేసినవాడికి ఒక అలవాటు వస్తుంది, ముప్పై సెకన్లలో పట్టుకోవాలి మనిషిని, ఒక్క శబ్దం కూడా వేస్ట్‌గా ఉండకూడదు. నేను ఇందాక ఖాళీ అన్నాను చూడండి, అది అక్కడినుంచి వచ్చిందని నా నమ్మకం.

ఆ శబ్దం తయారైన చోటు గురించి చెప్పాలి. కోడంబాకంలో వాళ్ళింటి పెరట్లోనే స్టూడియో కట్టుకున్నాడు, పంచతన్ రికార్డ్ ఇన్ అని పేరు. అప్పటిదాకా పద్ధతేంటంటే, పెద్ద స్టూడియో, హాలు నిండా వయొలిన్లు, తబలాలు, కోరస్, గాయకులు బూత్‌లో, మ్యూజిక్ డైరెక్టర్ నోట్స్ రాసిచ్చేస్తాడు, అందరూ కలిసి వాయిస్తారు, ఒకళ్ళు తప్పితే మళ్ళీ మొదటినుంచి. ఇళయరాజా గారైతే మొత్తం ఆర్కెస్ట్రాకి పేపర్ మీద రాసి పంచేవారు, అది ఒక మహా విద్య, దాన్ని తక్కువ చేసే మాట నేను అనను. రెహమాన్ చేసింది వేరే. చిన్న గది. రాత్రిళ్ళు పని. సింగర్ ఒక్కరే వస్తారు, అడుగున ఒక చిన్న రిథమ్, ఒక శ్రుతి లాంటిది ఉంటుంది అంతే, దాని మీద పాడించుకుంటాడు, రెండు మూడు రకాలుగా పాడమంటాడు, తర్వాత ఫ్లూట్ ఆయన్ని పిలిచి మీకు తోచింది వాయించండి అంటాడు, బేస్ గిటార్ ఆయన్నీ అలాగే, ఇవన్నీ వేరే వేరే ట్రాకుల్లో పెట్టుకుని తర్వాత కూర్చుని ఏది ఉంచాలి ఏది తీసేయాలి అని చూసుకుంటాడు. రాజా గారిది శిల్పం ముందే మనసులో చూసి చెక్కడం అనుకుంటే ఈయనది పొరలు పొరలుగా పేర్చుకుంటూ వెళ్ళడం. హెచ్. శ్రీధర్ గారని సౌండ్ ఇంజనీర్, ఆయన చెయ్యి కూడా చాలా ఉంది ఇందులో.

మా క్లాస్‌మేట్‌కి వాళ్ళ బాబాయ్ దుబాయ్ నుంచి వాక్‌మన్ తెచ్చాడు. నా సిక్స్టీ క్యాసెట్ అందులో వేసి చెవుల్లో పెట్టుకుంటే, నేను ఇంట్లో మోనో టేప్ రికార్డర్లో నెలరోజులు విన్న పాట అది కాదు. ఒక చెవిలో ఒకటి నడుస్తోంది, ఇంకో చెవిలో ఇంకోటి పలుకుతోంది, మధ్యలో గొంతు, ఆ గొంతు వెనక చాలా దూరంలో ఎవరో కోరస్ అంటున్నారు. ఒక పాటలో దగ్గర, దూరం అనేవి ఉంటాయని నాకు అప్పుడు తెలిసింది. అంతకుముందు పాటలో పైన కింద, హెచ్చు స్థాయి తగ్గు స్థాయి అంతే తెలుసు.

అవార్డు సంగతి చాలామందికి తెలుసు, త్వరగా చెప్పేస్తాను. 1992కి జాతీయ అవార్డు దగ్గర జ్యూరీలో రోజాకి, ఇళయరాజా గారి దేవర్ మగన్‌కి, అదే మన క్షత్రియ పుత్రుడు, ఓట్లు సమానంగా వచ్చాయి. చైర్మన్ బాలూ మహేంద్ర గారు, మన శంకరాభరణం కెమెరామన్, ఆయన ఓటు రెహమాన్‌కి వేశారు. మొదటి సినిమాకే. తర్వాత 2005లో టైమ్ మ్యాగజైన్ వాళ్ళు ప్రపంచంలో పది గొప్ప సినిమా సౌండ్‌ట్రాకులు అని వేస్తే అందులో రోజా ఉంది. 2009లో రెండు ఆస్కార్లు. ఇవన్నీ మీకు ఎక్కడైనా దొరుకుతాయి.

నాకు చెప్పాలని ఉన్నది వేరే. ఈ సౌండ్ అంతా మద్రాసులో తమిళ మాటల మీద కట్టారు కదా, మరి గుడివాడలో సైకిల్ దిగిన నాకు అది నా పాట ఎలా అయ్యింది? డబ్బింగ్ పాట అనే ఫీలింగ్ ఎందుకు రాలేదు?

ఆ పని చేసిన ఆయన పేరు రాజశ్రీ. అసలు పేరు ఇందుకూరి రామకృష్ణంరాజు, విజయనగరం మనిషి. చేతులెత్తండి, ఎంతమందికి తెలుసు? (కొద్దిమంది చేతులెత్తారు) చూశారా. ఇంతమందిలో ఆరేడుగురు. నన్ను కూడా అప్పుడు అడిగితే తెలీదనే చెప్పేవాణ్ణి. నా దగ్గరున్నది ఎక్కించుకున్న క్యాసెట్, దానికి కవరే లేదు, తెల్ల అట్ట మీద నేనే బాల్‌పెన్‌తో "రోజా" అని రాసుకున్నాను. ఎవరు రాశారో నాకెవరు చెప్తారు? మొన్న ఫోన్‌లో ఒక యాప్‌లో తెలుగు రోజా పాట పెట్టి చూస్తే రచయిత దగ్గర తమిళ కవి వైరముత్తు గారి పేరు ఉంది. ఆయన గొప్ప కవి, కాదనను, కానీ ఆ తెలుగు మాటలు ఆయనవి కావు కదండీ. నాకు చాలా బాధేసింది.

రాజశ్రీ గారు మణిరత్నం సినిమాలకి రోజాకి ముందునుంచే రాస్తున్నారు. నాయకుడు, ఘర్షణ, అంజలి, దళపతి. "ఒక బృందావనం" ఆయనదే, "యమునాతటిలో" ఆయనదే. హిందీ నుంచి వచ్చిన ప్రేమ పావురాలు కూడా. అంటే ఇళయరాజా నుంచి రెహమాన్‌కి మ్యూజిక్ మొత్తం మారిపోయింది గానీ తెలుగులో రాసే చెయ్యి మారలేదు. మనకి ఆ మార్పు బెదురు లేకుండా చేరడానికి అది కూడా కారణం.

డబ్బింగ్ పాట రాయడం అంటే ఏంటో ఒక్కసారి ఆలోచించండి. ట్యూన్ మారదు. తెర మీద పెదాలు మారవు. కథ మారదు. మాట మాత్రం మారాలి, మారినట్టు తెలీకూడదు. మామూలు పాటలో ట్యూన్ కాస్త ఇబ్బంది పెడితే కవి మ్యూజిక్ డైరెక్టర్ని అడగొచ్చు, అయ్యా ఇక్కడొక అక్షరం పెంచండి అని. ఇక్కడ అడగడానికి ఎవరూ లేరు, పాట అయిపోయింది, వాళ్ళు వేరే సినిమాకి వెళ్ళిపోయారు.

బోర్డు ఉందా? థాంక్స్ బాబూ. చిన్నప్పుడు ఛందస్సు చదువుకున్నాం కదా, లఘువు గురువు, పలకడానికి తక్కువ సేపు పట్టే లఘువుకి ఒక మాత్ర, ఎక్కువ సేపు పట్టే గురువుకి రెండు. భయపడకండి, మార్కులేమీ వెయ్యను. రోజా పాటలే తీసుకుందాం. తమిళంలో "కాదల్ రోజావే". కా, దల్, రెండూ గురువులు, నాలుగు మాత్రలు. తెలుగులో "నా చెలి రోజావే". నా గురువు, చె లి రెండు లఘువులు, నాలుగు మాత్రలు. తర్వాత రోజావే అలాగే ఉంచేశారు. సరే, ఇది చిన్నది. "పుదు వెళ్ళై మళై" చూడండి. లఘువు లఘువు గురువు గురువు లఘువు గురువు. "పరువం వానగా". లఘువు లఘువు గురువు గురువు లఘువు గురువు. అక్షరానికి అక్షరం! మొదటి అక్షరం అక్కడా పకారమే, ఇక్కడా పకారమే, పెదాలు మూసుకుని తెరుచుకోవాలి కాబట్టి. "రుక్కుమణి రుక్కుమణి" అక్కడ, "నాగమణి నాగమణి" ఇక్కడ. రుక్ గురువు, నా గురువు, మిగతా మూడూ లఘువులు. "తమిళా తమిళా", "వినరా వినరా". మళ్ళీ అచ్చుగుద్దినట్టు లఘువు లఘువు గురువు.

ఈ చివరిదాంట్లో కష్టం చూడండి. తమిళంలో ఆ పాట తమిళుణ్ణి పేరుపెట్టి పిలుస్తోంది. తెలుగులో ఏం పెడతారు? తెలుగోడా అంటే కథకి అతకదు, లఘువు గురువూ అతకవు. ఆయన ఆ పిలుపునే తీసేసి "విను" అన్నారు. ఎవర్ని పిలుస్తున్నామో చెప్పకపోయినా పిలుపు మాత్రం మిగిలింది. తమిళంలో హరిహరన్ గారు పాడారు, తెలుగులో మన సత్తెనపల్లి మనో గారు. నేను రెండూ విన్నాను, హరిహరన్ గారిది గంభీరంగా ఉంటుంది, మనో గారిదాంట్లో ఒక తడి ఉంటుంది, గొంతు పట్టుకున్నట్టు. నాకు మనోదే ఇష్టం, ఎవరేమనుకున్నా.

పోయింది కూడా ఉందండీ, అది చెప్పకపోతే అన్యాయం. "పుదు వెళ్ళై మళై" అంటే కొత్త తెల్లని వాన. మంచు కురుస్తోంది తెర మీద. మద్రాసు మనిషికి మంచు తెలీదు కాబట్టి దాన్ని తెల్లవాన అన్నాడు తమిళ కవి, ఎంత బావుందో చూడండి, చూడనిదాన్ని చూసినదాంతో చెప్పడం. మనకీ మంచు తెలీదు, మనకీ ఆ మాట సరిపోయేది. కానీ ఆ ఆరక్షరాల్లో తెల్లదనం పట్టలేదు, రాజశ్రీ గారు వానని ఉంచుకుని తెలుపుని వదిలేశారు, పరువాన్ని వాన చేశారు. అది వేరే పాటైంది. ప్రేమ పాటగా మంచి పాటే, కానీ ఆ మొదటిసారి మంచు చూసిన ఆశ్చర్యం తమిళంలోనే ఉండిపోయింది. నేను తమిళం కూడబలుక్కుని నేర్చుకున్నది ఇలాంటివి తెలుసుకోడానికే.

ఇప్పుడు నా ఫేవరెట్‌కి వస్తాను. 1993, జెంటిల్‌మన్, శంకర్ మొదటి సినిమా. చికుబుకు రైలే ఉన్న సినిమా. అందులో తమిళంలో "ఉసిలంపట్టి పెణ్‌కుట్టి" అని ఒక పాట. ఉసిలంపట్టి మదురై పక్కన ఒక ఊరు. ఊరి పేరుతో మొదలైన పాటని తెలుగులోకి తేవాలి. ఎవరైనా ఏం చేస్తారు, ఊరి పేరు వదిలేసి ఓ పిల్లా అనో ఓ చిలకా అనో పెట్టేస్తారు. రాజశ్రీ గారు ఆంధ్రా మ్యాప్ తెరిచారో, బస్సులో వెళ్తూ బోర్డు చూశారో నాకు తెలీదు గానీ, "ముదినేపల్లి" అని పెట్టారు!

ఉ సి లం ప ట్టి. ము ది నే ప ల్లి. రాయండి బోర్డు మీద. లఘువు లఘువు గురువు గురువు లఘువు, రెండూనూ. అక్కడితో అయిపోలేదు. ఉసిలంపట్టిలో పెదాలు ఎక్కడ మూసుకుంటాయి? లం తర్వాత ప దగ్గర. ముదినేపల్లిలో? మొదట్లో ము దగ్గర ఒకసారి మూసుకున్నా, మళ్ళీ సరిగ్గా నే తర్వాత ప దగ్గర. ఆ ప దగ్గర తెర మీద మనిషి పెదవి కూడా అబద్ధం చెప్పదు. పట్టి అంటే వాళ్ళకి పల్లె, పల్లి అంటే మనకి పల్లె. అర్థం కూడా కుదిరింది. ఇన్ని కుదిరిన ఊరు ఆంధ్రదేశంలో ఇంకోటి దొరుకుతుందా? నేను చాలా వెతికానండి, తెలుగు మాస్టర్ని కదా, ఖాళీ పీరియడ్లలో పిల్లలతో కూడా వెతికించాను. కుదరదు. ఒకటి కుదిరితే ఇంకోటి కుదరదు.

మీకు చెప్పాను కదా మాది గుడివాడ అని. ముదినేపల్లి మా పక్కనే, కైకలూరు వెళ్ళే దారిలో. మా క్లాసులో ముదినేపల్లి నుంచి బస్సులో వచ్చే కుర్రాళ్ళు నలుగురైదుగురు ఉండేవాళ్ళు, ఆ పాట వచ్చాక వాళ్ళ నడకే మారిపోయింది! గుడివాడ బస్టాండ్లో కండక్టర్ "ముదినేపల్లి, ముదినేపల్లి" అని అరిస్తే బస్సు లోపలనుంచి జనం మిగతా పాట అందుకునేవాళ్ళు, ఇది నేను కళ్ళతో చూశాను. ఒక ముసలాయన, చేతిలో కూరగాయల సంచి, సీట్లో కూర్చుని పక్కనున్న కుర్రాణ్ణి అడిగాడు, "ఏరా, మనూరు మీద పాట కట్టారంట గదా, ఎవర్రా కట్టింది?" అని. ఆ కుర్రాడు "ఏ.ఆర్. రెహమాన్ అంట తాతా" అన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి, "మనూరెప్పుడొచ్చాడో" అన్నాడు.

ఆ పాటలో ఊరి పేరు వెంటే మడిచేలు వస్తాయి. అప్పుడు నిజంగానే బస్సు కిటికీలోంచి రెండు పక్కలా వరి చేలే. ఇప్పుడు ఆ దారిలో వెళ్తే చేపల చెరువులు, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూ ఉంటాయి, చేలు తక్కువ. జిల్లా కూడా మారింది, కృష్ణా పోయి ఏలూరు అయ్యింది. పాటలో మాత్రం మడిచేలు అలాగే ఉన్నాయి.

ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. 1994, ప్రేమికుడు. తమిళంలో "ఎన్నవళే అడి ఎన్నవళే", ఉన్నికృష్ణన్ గారికి జాతీయ అవార్డు తెచ్చిన పాట, కేదారం రాగం. తెలుగులో "ఓ చెలియా నా ప్రియసఖియా". ఇంటికెళ్ళి మాత్రలు వేసుకోండి, నేను చెప్పను. అది రాజశ్రీ గారి చివరి రోజుల పని, ఆ ఏడాదే ఆగస్టులో ఆయన పోయారు. అరవై కూడా నిండలేదు.

తర్వాత బొంబాయికి వేటూరి గారు వచ్చారు, "ఉరికే చిలకా", "కన్నానులే", ఇద్దరులో "శశివదనే", అవి ఇంకో రకం అందం, వేటూరి గారు ట్యూన్ మీద కూర్చోరు, ట్యూన్‌ని ఎక్కి ఊగుతారు. భువనచంద్ర గారు రాశారు, సిరివెన్నెల గారు రాశారు. దశాబ్దం చివరికొచ్చేసరికి కొన్ని పాటల్లో మాటలు ట్యూన్లో కుక్కినట్టు ఉంటాయి, సగం మాట ఒక ఊపిరిలో, సగం ఇంకో ఊపిరిలో, అర్థం తెగిపోతుంది. సౌండ్ ఎంత బావుందంటే మనం పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? చెప్పండమ్మా.

(ఒక శ్రోత: రెహమాన్ స్ట్రెయిట్ తెలుగు సినిమాలు కూడా చేశారు కదా సార్, అవి ఎందుకు ఇంత గుర్తులేవు?)

మంచి ప్రశ్న. 1994లో మూడొచ్చాయి, సూపర్ పోలీస్, గ్యాంగ్ మాస్టర్, పల్నాటి పౌరుషం. అందులో పల్నాటి పౌరుషం తమిళ సినిమాకి రీమేక్. నాకనిపించేది ఏంటంటే, ఆయన పాట పుట్టడానికి రాత్రిళ్ళు కావాలి, డైరెక్టర్ ఓపిగ్గా కూర్చోవాలి, అది వద్దు ఇది ఉంచు అని కలిసి చూసుకోవాలి, మణిరత్నం, శంకర్ అలా కూర్చున్నారు. మన దగ్గర అప్పటి పద్ధతి వేరు, రిలీజ్ డేట్ ముందు, పాట తర్వాత. ఇది నా అభిప్రాయం మాత్రమే. కానీ ఒక మాట, తెలుగువాళ్ళకి తెలుగులో పుట్టిన రెహమాన్ పాట కన్నా తమిళం నుంచి వచ్చిన రెహమాన్ పాటే సొంతం అయ్యిందంటే అందులో సగం ఆ విజయనగరం ఆయన పుణ్యం.

టైమైపోయిందంటున్నారు. ఆఖరున ఒక పాట వేద్దాం. బాబూ, ఆ ఫ్యాన్ ఒక్కటి ఆపెయ్యి, చప్పుడొస్తోంది. ముందు తమిళం ఒక పల్లవి, ఆపకుండా వెంటనే తెలుగు పల్లవి. వేళ్ళ మీద లెక్కపెట్టండి, ఉ సి లం ప ట్టి, ము ది నే ప ల్లి. ఆఁ, వెయ్యి.

(పాట)